మంత్రి గారూ, మండెపల్లి గేటు దాటినంక తొవ్వ ఏది?

తెలంగాణ రవాణా, బీసీ సంక్షేమ శాఖల మంత్రి
శ్రీ పొన్నం ప్రభాకర్ గారికి,



కోరుట్లలో ఒక లారీ ఆఫీసులో నేను పద్దులు రాస్తాను. ఏ బండి ఎక్కడ లోడు ఎత్తింది, అడ్వాన్సు ఎంత ముట్టింది, డీజిల్‌కు ఎంత పోయింది, బ్యాలెన్సు ఎన్నాళ్లకు వచ్చింది, ఏ కిస్తీ ఏ నెల తప్పింది అన్న లెక్కలన్నీ నా బల్ల మీదికే వస్తాయి. లెక్కల వెంట మనుషులూ వస్తారు. ఇరవై, ఇరవై రెండేళ్ల పిల్లలు వచ్చి "ఏదన్న బండి మీద పెట్టియ్యుండ్రి సార్" అంటారు. వాళ్లే నాలుగైదేళ్లు నడిపినంక మళ్లొచ్చి "సొంత బండి ఎట్ల కొనాలె?" అని అడుగుతారు. ఈ రెండు ప్రశ్నలకూ నేను చెప్పగలిగేది సగం జవాబే. మిగతా సగం ప్రభుత్వం చేతిలో ఉంది.

మీకే ఎందుకు రాస్తున్నానో చెబుతాను. మీరు కరీంనగర్ మనిషి. 2009 నుంచి 2014 దాకా మీరు లోక్‌సభలో ఉన్నప్పుడు సిరిసిల్ల మీ నియోజకవర్గంలోనిదే. జగిత్యాల, కోరుట్ల ఓటు నిజామాబాద్ కిందికి పోయినా, అవీ ఉమ్మడి కరీంనగర్ జిల్లా ఊళ్లే. అన్నిటికన్నా ముఖ్యం, లైసెన్సు ఇచ్చే శాఖా, బీసీ పిల్లవాడికి రుణ సాయం చేసే శాఖా రెండూ మీ దగ్గరే ఉన్నాయి. స్టీరింగ్ పట్టిన రోజు నుంచి ఆర్సీ మీద సొంత పేరు చూసుకునే రోజు దాకా ఉన్న తొవ్వ ఆ రెండు శాఖల నడుమ తెగిపోయి ఉంది. దాన్ని కలపమని అడగడానికే ఈ ఉత్తరం.

ఒకప్పుడు ఆ తొవ్వ ఉండేది. క్లీనర్‌గా ఎక్కిన పిల్లవాడు బండి కడిగేవాడు, రాడ్డుతో కొట్టి చప్పుడును బట్టి టైరులో గాలి చూసేవాడు, లోడు మీద టార్పాలిన్ పరిచి తాళ్లు బిగించేవాడు, బండి వెనక్కి వస్తుంటే దిగి వెనక నిలబడి కేకేసేవాడు. ఘాట్‌లో ఏ గేరులో దిగాలో, బ్రేకు వేడెక్కితే వాసన ఎట్లుంటుందో, మహారాష్ట్ర ధాబాల్లో ఏది నిద్రపోవడానికి భద్రమైన జాగనో ఉస్తాద్ పక్కన కూర్చునే నేర్చుకునేవాడు. ఖాళీ బండి వస్తున్నప్పుడు, అర్ధరాత్రి రోడ్డు మీద ఎవరూ లేనప్పుడు ఉస్తాద్ పక్కకు జరిగి స్టీరింగ్ ఇచ్చేవాడు. అందులో దెబ్బలు ఉన్నాయి, తిట్లు ఉన్నాయి, బడి మాన్పించిన బాల్యం ఉంది. ఆ రోజులు తిరిగి రావాలని నేను కోరుకోను. కానీ ఆ పద్ధతిలో ఒక మనిషికి పని పూర్తిగా వచ్చేది, నేర్పినవాడు అతని తరఫున యజమాని దగ్గర నోరు తెరిచి మాట్లాడేవాడు.

ఇప్పుడు చాలా బండ్ల మీద క్లీనర్ లేడు. కిరాయి పెరగలేదు, డీజిల్ లీటరు 95 రూపాయలు దాటింది, యజమాని ముందుగా కోసింది క్లీనర్ బత్తానే. ఢిల్లీకి పోయే బండి మీద కూడా ఒక్కడే మనిషి కనిపిస్తున్నాడు. అడుగున ఉన్న మెట్టు అట్లా ఊడిపోయింది.

చట్టం చెప్పే మెట్లు మాత్రం పుస్తకంలో సరిగ్గానే ఉన్నాయి. 18 ఏళ్లకు కారు లైసెన్సు తీసుకోవచ్చు. అది చేతికొచ్చి ఏడాది గడవాలి, 20 ఏళ్లు నిండాలి, అప్పుడు రవాణా వాహనానికి లెర్నింగ్ లైసెన్సు ఇస్తారు. ఎనిమిదో తరగతి పాసై ఉండాలన్న షరతును 2019లో కేంద్రం తీసేసింది. సిరిసిల్లలో మరమగ్గం మీద చిన్నప్పుడే కూర్చుని బడికి దూరమైనవాళ్లకు అది నిజంగా మేలు చేసిన సవరణ. గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రంలో హెవీ వాహనానికి ఆరు వారాల్లో 38 గంటల శిక్షణ ఉండాలని కేంద్ర నిబంధన. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఇంకో తలుపు తెరుచుకుంది. కారు లైసెన్సు ఉన్నవాడు 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని ప్రత్యేక ముద్ర లేకుండానే నడపవచ్చు. టాటా ఏస్, బొలెరో పికప్, చిన్న డీసీఎం దాని కిందికే వస్తాయి. నా దగ్గరికి వచ్చే పిల్లలకు నేను మొదట చెప్పేది ఇదే: పెద్ద బండి కల పక్కన పెట్టి, ముందు ఒక చిన్న బండి మీద రెండేళ్లు కూరగాయలో, సిమెంటో, మెట్‌పల్లి సంతకు సామానో దించిరా. ఆ 7,500 కిలోలంటే లోడు ఒక్కటే కాదు, బండి బరువూ లోడూ కలిపి అని కూడా చెబుతాను. చాలామందికి అది తెలియదు. ప్రమాదం జరిగి ఇన్సూరెన్సు వాళ్లు అడిగిన నాడు తెలుస్తుంది.

ఇక మండెపల్లి సంగతి. సిరిసిల్ల పక్కన తంగళ్లపల్లి మండలం మండెపల్లిలో అశోక్ లేలాండ్ భాగస్వామ్యంతో కట్టిన డ్రైవింగ్ శిక్షణ సంస్థను 2021 జూలైలో ప్రారంభించారు. ప్రారంభించింది వేరే ప్రభుత్వం. అయినా అది మన బిడ్డల ఆస్తి, ఇప్పుడు మీ శాఖ చూపు దాని మీద ఉండాలి. నేత పని తగ్గిన ఇంటి పిల్లవాడికి, భివండికో సూరత్‌కో పోవడం తప్ప వేరే దారి కనిపించని పిల్లవాడికి, ఇంటికి ఇంత దగ్గర్లో హెవీ బండి నేర్చుకునే చోటు దొరకడం చిన్న విషయం కాదు.

అదే మండలంలో నేరెళ్ల ఉంది. 2017 జూలైలో అక్కడ ఇసుక లారీ ఢీకొని ఒక మనిషి ప్రాణం పోయింది. జనం ఆగ్రహంతో లారీలు తగలబెట్టారు. తర్వాత పోలీసులు కొందరు యువకులను పట్టుకెళ్లి చిత్రహింసలు పెట్టారన్న ఆరోపణ రాష్ట్రాన్ని కుదిపేసింది. ఆ రోజుల్లో అందరూ ఇసుక గురించి, పోలీసుల గురించి, పార్టీల గురించి మాట్లాడారు. ఇసుక బండి నడిపేవాళ్లకు జీతం ఎట్లా లెక్కగడతారన్న మాట ఎక్కడా వినపడలేదు. ట్రిప్పుకు ఇంత అని డబ్బు కట్టినచోట ఎంత మంచి డ్రైవరైనా ఊరి నడుమ కూడా యాక్సిలరేటర్ మీది కాలు ఎత్తడు. మూడో ట్రిప్పు కొట్టినవాడికి ఇంటి ఖర్చు వెళ్తుంది, నాలుగోది కొట్టినవాడికి నాలుగు పైసలు మిగులుతాయి. మండెపల్లిలో బ్రేకు వేయడం నేర్పుతారు. బ్రేకు వేసినందుకు కూలి తెగకుండా చూడాల్సింది శిక్షణ సంస్థ కాదు, మీరు.

శిక్షణ పూర్తిచేసి, హెవీ లైసెన్సు జేబులో పెట్టుకుని గేటు బయటికి వచ్చిన పిల్లవాణ్ని యజమాని అడిగే మొదటి ప్రశ్న "ఎక్కడ నడిపినవ్?" అని. నలభై లక్షల బండిని, దాని మీద పది లక్షల సరుకును 38 గంటలు నేర్చినవాడి చేతిలో పెట్టడానికి ఏ యజమానికైనా ధైర్యం చాలదు. నేను వాళ్లను తప్పుపట్టను. కానీ నడపనివ్వకుండా అనుభవం ఎక్కడినుంచి వస్తుంది? లైసెన్సుకూ మొదటి ఉద్యోగానికీ నడుమ ఉన్న ఆ ఆరు నెలల ఖాళీలోనే మన పిల్లలు ఎక్కువగా రాలిపోతున్నారు. కొందరు ఆటో కొనుక్కుంటారు, కొందరు హోటల్ పనికి పోతారు, చాలామంది పాస్‌పోర్టుకు దరఖాస్తు చేస్తారు.

ఆ ఖాళీని పూడ్చే మనుషులు మీ శాఖలోనే ఉన్నారు. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, వేములవాడ ఆర్టీసీ డిపోల్లో జీవితమంతా బస్సు నడిపి రిటైరైన డ్రైవర్లు ఇంటి పట్టున ఉన్నారు. వాళ్లను గౌరవ వేతనం మీద తీసుకుని, శిక్షణ అయిన ప్రతి పిల్లవాడినీ ఆరు నెలలు నిజమైన లోడుతో, నిజమైన రోడ్డు మీద వాళ్ల పక్కన కూర్చోబెట్టండి. కేంద్రం అప్రెంటిస్ పథకంలో స్టైపెండ్‌కు వాటా ఇస్తుంది కానీ నలుగురికన్నా తక్కువ మంది పనిచేసే చోటికి అది వర్తించదు. ఒకటి రెండు బండ్లున్న యజమానులే మా దగ్గర ఎక్కువ. కనుక లారీ యజమానుల సంఘాన్నో, ఆర్టీసీ కార్గోనో ముందు పెట్టి ఆ పథకాన్ని వాడుకోవచ్చు. ఆ ఆరు నెలలకు బండి ఇన్సూరెన్సు మీద పడే అదనపు భారాన్ని రాష్ట్రం భరిస్తే, వద్దనే యజమానులు తగ్గుతారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఒక లారీ జగిత్యాల పక్కన చల్‌గల్ మార్కెట్‌లో మామిడి ఎత్తుకుని ఢిల్లీకి పోయిందనుకోండి. ఆ ప్రయాణం ఎన్నో చోట్ల నమోదవుతుంది. ప్రతి టోల్ గేటు దగ్గర ఫాస్టాగ్ రాసుకుంటుంది, చలానా పడితే బండి నంబరు మీద పడుతుంది, ఈ-వే బిల్లుతో పోయే ఏ సరుకుకైనా ఆ బిల్లులో బండి నంబరే ఉంటుంది. పద్నాలుగు, పదిహేను వందల కిలోమీటర్లు రెండు రాత్రులు మేలుకుని, కాయ చెడకుండా చేర్చిన మనిషి పేరు ఎక్కడా ఉండదు. పదేళ్లు అట్లా నడిపినవాడు బ్యాంకుకు పోతే "ఆదాయ ఆధారం ఏది?" అంటారు. బత్తా చేతికిచ్చిన నగదు, జీతం చేతికిచ్చిన నగదు. యజమాని నోటిమాట తప్ప అతని దగ్గర చూపించడానికి కాగితం లేదు. బండికి పుట్టుక నుంచి తుక్కు దాకా చరిత్ర ఉంది, నడిపినవాడికి ఒక్క పేజీ లేదు.

చట్టంలో డ్రైవరు పట్ల యజమానికి బాధ్యత లేదా అంటే, ఉంది, పెద్ద సంస్థలకే ఉంది. మోటారు రవాణా కార్మికుల కోసం 1961లో వచ్చిన చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలని చెప్పింది. అది ఐదుగురు అంతకు మించి పనివాళ్లున్న చోటికే వర్తించింది. ఇప్పుడు అది కొత్త కార్మిక కోడ్‌లో కలిసిపోయింది. ఒక్క బండి యజమాని దగ్గర ఒక్కడుగా పనిచేసే మా డ్రైవరు అప్పుడూ లెక్కలో లేడు, ఇప్పుడూ లేడు.

మీరు చేయగల పని ఒకటుంది. లైసెన్సు నంబరుకు జతచేసిన డ్రైవరు సర్వీసు బుక్కు పెట్టండి. ఫోనులో ఉండాలి, తెలుగులో ఉండాలి, డ్రైవరు సొత్తు కావాలి. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఏ బండి నడిపాడు, ఎంత ముట్టింది అన్నది యజమాని ధ్రువీకరించాలి. ప్రమాదం లేకుండా గడిచిన ఏళ్లు అందులో కనిపించాలి. పోలీసులు దాన్ని జరిమానాకు వాడకూడదు, యజమానులు దాన్ని చూపి బెదిరించకూడదు. మూడేళ్ల బుక్కు ఉన్నవాడిని బ్యాంకు జీతం రశీదు ఉన్న ఉద్యోగితో సమానంగా చూడాలని రాష్ట్ర స్థాయి బ్యాంకర్ల సమావేశంలో మీ ప్రభుత్వం పట్టుబట్టాలి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు, శంకుస్థాపన అక్కర్లేదు.

గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాడికి ఈ బుక్కు ఇంకా ఎక్కువ అవసరం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చుట్టుపక్కల గల్ఫ్‌కు మనిషిని పంపని ఊరు లేదని మీకు నేను చెప్పాల్సిన పని లేదు. అక్కడ చనిపోయినవాళ్ల కుటుంబాలకు మీ ప్రభుత్వం 5 లక్షల సాయం ఇస్తోంది, అది మంచి పని. బతికి వచ్చినవాడి సంగతి కూడా చూడండి. సౌదీలో ఏళ్లపాటు ట్రెయిలర్ నడిపినవాడు ఊరికి వచ్చేసరికి ఇక్కడి లైసెన్సు గడువు ముగిసి ఉంటుంది. రవాణా లైసెన్సు ఐదేళ్లకే ఇస్తారు, గడువు తీరి ఏడాది దాటితే మళ్లీ పరీక్ష రాయాలి, ట్రాక్ మీద నడిపి చూపాలి. పరీక్ష పెట్టడం సబబే. అక్కడ బండి రోడ్డుకు కుడివైపు పోతుంది, ఇక్కడ ఎడమవైపు, చేతులకు ఆ అలవాటు మారడానికి కొన్నాళ్లు పడుతుంది. కానీ పరీక్ష తేదీ కోసం తిరగడం, ఏజెంటును బతిమాలడం, అక్కడి అనుభవ పత్రాన్ని ఎవరూ పట్టించుకోకపోవడం ఎందుకు? మండెపల్లిలో గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లకు విడిగా ఒక వారం శిక్షణ, ఆ వారం చివరనే పరీక్ష, ఆ రోజే సర్వీసు బుక్కులో విదేశీ అనుభవం నమోదు జరగాలి. విదేశాలకు డ్రైవర్లను ఎంపిక చేసి పంపే టామ్‌కామ్ ప్రభుత్వ సంస్థే కదా, పంపిన రోజునే వాళ్ల పేర్లు ఆ బుక్కులోకి ఎక్కించవచ్చు.

ఇక బండి కొనడం. ఇక్కడ నేను కొంచెం ఎక్కువ రాస్తాను, క్షమించండి. ఈ లెక్క తెలియకనే ఎక్కువ ఇళ్లు మునిగాయి.

కొత్త పెద్ద లారీ ఇప్పుడు ముప్పై, నలభై లక్షల మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు వాహనాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది, అయినా జీతం మీద బతికే డ్రైవరుకు అది అందదు. ముద్రా రుణం హామీ లేకుండా 10 లక్షల దాకా దొరుకుతుంది. 20 లక్షల దాకా ఇచ్చే తరుణ్ ప్లస్ అంతకుముందు తరుణ్ రుణం తీసుకుని తీర్చినవాళ్లకే. కనుక మొదటిసారి కొనేవాడికి మిగిలింది పాత బండి. పాత బండికి బ్యాంకు మేనేజరు ముఖం తిప్పుకుంటాడు, ప్రైవేటు ఫైనాన్సు కంపెనీ కుర్చీ వేస్తుంది. నిజం చెప్పాలంటే, బ్యాంకులు తలుపు వేసుకున్న చోట ఈ ఫైనాన్సు కంపెనీలే వేలమంది డ్రైవర్లను యజమానులను చేశాయి. దాన్ని నేను తక్కువ చేయను. వడ్డీ లెక్క మాత్రం కళ్లు తెరుచుకుని చూడాలి.

10 లక్షలు అప్పు, నాలుగేళ్లు, 16 శాతం వడ్డీ అనుకుందాం. నెల కిస్తీ 28,340 రూపాయలు అవుతుంది. అదే అప్పు 10 శాతానికి దొరికితే 25,363. నెలకు మూడు వేల తేడా, నాలుగేళ్లలో లక్షా నలభై వేల పైమాట. అది రెండు జతల టైర్ల కన్నా, ఒక ఇంజను పని కన్నా ఎక్కువ. ఇంకో మాయ ఉంది. "ఫ్లాట్ పది శాతమే" అని చెబితే పిల్లలు సంబరపడతారు. ఫ్లాట్ అంటే అసలు తగ్గుతున్నా వడ్డీ మొత్తం అప్పు మీదే వేస్తారు. ఆ లెక్కన కిస్తీ 29,167, నిజమైన వడ్డీ పదిహేడున్నర శాతం పైనే. 2024 అక్టోబరు నుంచి ఇట్లాంటి అప్పులకు మొత్తం ఖర్చును ఏడాది శాతంలో చూపే ఒక పత్రాన్ని, అప్పు తీసుకునేవాడికి అర్థమయ్యే భాషలో ముందే ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. సంతకం పెట్టే ముందు దాన్ని అడిగి చదివినవాళ్లు నా బల్ల ముందుకు అరుదుగా వచ్చారు.

పాత బండిలో కిస్తీ కన్నా భయపెట్టేది ఆర్సీ మీద ఉన్న తయారీ సంవత్సరం. నేషనల్ పర్మిట్ రెండు ఇరుసుల లారీకి 12 ఏళ్ల దాకానే, అంతకన్నా ఎక్కువ ఇరుసులున్నదానికి 15 ఏళ్ల దాకానే. పదేళ్ల ఆరు టైర్ల బండి చవకగా వచ్చిందని నాలుగేళ్ల కిస్తీ మీద కొన్నవాడికి, కిస్తీలు సగం కట్టేసరికి నాగపూర్ దారి మూసుకుపోతుంది. తర్వాత రెండేళ్లు రాష్ట్రం లోపలి లోడ్లతో కిస్తీ కట్టాలి. కొనేటప్పుడు ఎవరూ ఈ మాట చెప్పరు. అమ్మేవాడు చెప్పడు, బ్రోకరు చెప్పడు, ఫైనాన్సు కుర్రాడికి తెలియకపోవచ్చు. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ కూడా ఏటేటా చేయించాలి. పైన మూడు నెలలకోసారి పన్ను, ఏడాదికి నేషనల్ పర్మిట్ ఫీజు 16,500. 2022లో ఖాయం చేసిన రేటు ప్రకారం 20 నుంచి 40 టన్నుల మధ్య బండికి థర్డ్ పార్టీ ప్రీమియమే 43,950 రూపాయలు, జీఎస్టీ అదనం. టైరు ఒక్కోటి ఇరవై వేల పైచిలుకు. బీఎస్-6 బండికి డీజిల్‌తోపాటు యూరియా ద్రవం పోయాలి. సెన్సర్ పాడైతే రోడ్డు పక్క మెకానిక్ చేతులెత్తేస్తాడు, కంపెనీ సర్వీసు దాకా బండిని లాక్కుపోవాలి.

ఢిల్లీ ట్రిప్పునే తీసుకోండి. లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇచ్చినా పోవడానికే 360 లీటర్లు, 34 వేల రూపాయల పైన డీజిల్‌కే పోతుంది. మామిడి కిరాయి పోవడానికి సరిపోతుంది, రావడానికి సరిపోదు. తిరుగు లోడు దొరికిందా లేదా అన్నదే ఆ నెల కిస్తీని నిర్ణయిస్తుంది. జీతం డ్రైవరుకు ఖాళీగా వచ్చినా బత్తా వస్తుంది, యజమాని అయిన డ్రైవరుకు ఖాళీ కిలోమీటరు ప్రతిదీ జేబులోంచి పోతుంది. బండి కొనే ముందు రెండేళ్లు తిరుగు లోడు సంబంధాలు సంపాదించుకోమని, ఏ ఊళ్లో ఏ ఆఫీసు బ్యాలెన్సు ఎగ్గొట్టకుండా ఇస్తుందో రాసిపెట్టుకోమని నేను చెప్పేది అందుకే. బండి కొన్నాక ఆ సంబంధాలు వెతుక్కునేవాడికి మొదటి మూడు కిస్తీలకే ఊపిరి ఆగుతుంది.

మంత్రి గారూ, లోడు విషయంలో మీ ప్రభుత్వమే మా ప్రాంతంలో అన్నిటికన్నా పెద్ద ఖాతాదారు. వానాకాలం, యాసంగి రెండు పంటల వడ్లు కొనుగోలు కేంద్రాల నుంచి మిల్లులకు, అక్కడి నుంచి బియ్యం గోదాములకు లారీల మీదే పోవాలి. ప్రతి సీజన్‌లో లారీలు రాలేదని రైతులు కల్లాల దగ్గర పడిగాపులు పడతారు, వాన వస్తే వడ్లు తడుస్తాయి, ధర్నాలు జరుగుతాయి. అదే సమయంలో సొంత బండి ఉన్న మా డ్రైవరు ఆ పనికి ఎందుకు పోడు? రవాణా టెండరు పెద్ద కాంట్రాక్టరు తీసుకుంటాడు, బండ్లు కిరాయికి పెడతాడు, డబ్బు అతనికి వచ్చినప్పుడే వీళ్లకు వస్తుంది. కిస్తీ మాత్రం ప్రతి నెలా అదే తేదీకి కట్టాలి. ఒకటి రెండు బండ్లున్న వాళ్లు సంఘంగా ఏర్పడితే టెండరులో వాటా ఇవ్వండి, దించిన పదిహేను రోజుల్లో డబ్బు నేరుగా బండి యజమాని ఖాతాలో వేయండి. రైతుకు లారీ దొరుకుతుంది, డ్రైవరుకు కిస్తీ తీరుతుంది. పౌర సరఫరాలు మీ శాఖ కాదని తెలుసు. అయినా ఆ మంత్రి పక్క కుర్చీలోనే కూర్చుంటారు కదా.

ఓవర్‌లోడు గురించి ఒక్క మాట. 2018 జూలైలో కేంద్రం ఇరుసు బరువు పెంచింది. ఆరు టైర్ల బండి మొత్తం బరువు 16.2 టన్నుల నుంచి 18.5కు, పది టైర్లది 25 నుంచి 28.5కు పోయింది. యజమానులు సంతోషించాలి, కానీ అదే సరుకుకు తక్కువ బండ్లు చాలడంతో కిరాయి దిగింది. ఇప్పుడు దాని మీద కూడా అదనంగా ఎత్తమంటారు. ఎత్తనంటే వేరే బండికి లోడు ఇస్తారు. 2019 సవరణ ప్రకారం జరిమానా 20,000, ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000. నడిపినవాడినే కాదు, నడిపించినవాడినీ చట్టం బాధ్యుణ్ని చేసింది. కాగితం మీద ఉన్న ఆ రెండో మాటను అమలు చేయండి. క్వారీలో, మిల్లులో, ఇసుక రీచ్‌లో కాంటా దగ్గర ఎక్కువ పోసినవాడి పేరు మీద చలానా పడిన రోజున ఓవర్‌లోడు తగ్గుతుంది.

సబ్సిడీ పథకాల విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. 2021లో దళితబంధు కింద ఒక్కో కుటుంబానికి 10 లక్షలు ఇచ్చినప్పుడు చాలామంది వాహనాలు తీసుకున్నారు. అందులో ఎప్పుడూ స్టీరింగ్ పట్టనివాళ్లు ఉన్నారు, లోడు ఎక్కడ దొరుకుతుందో తెలియనివాళ్లు ఉన్నారు. తప్పు వాళ్లది కాదు. వాహనాన్ని ఇవ్వడమే పథకం అనుకున్నాం, దాన్ని నడిపించే బతుకును పథకంలో రాయలేదు. 2025లో మీ ప్రభుత్వం ప్రకటించిన రాజీవ్ యువ వికాసం 4 లక్షల దాకా సాయం అన్నది. ఆ 4 లక్షలకు లారీ రాదు. కానీ సర్వీసు బుక్కులో మూడేళ్లు ఉన్న డ్రైవరుకు అదే డబ్బును డౌన్ పేమెంటుగా ఇచ్చి, మిగతా 10 లక్షలు బ్యాంకు ముద్రా కింద ఇస్తే, ఏడెనిమిదేళ్ల వయసున్న మంచి పది టైర్ల బండి వస్తుంది, పర్మిట్‌కు ఏడేళ్లు మిగిలి ఉంటాయి. బీసీ కార్పొరేషన్ దాన్ని మీ చేతుల మీదుగానే మొదలుపెట్టవచ్చు. ఎస్సీ, ఎస్టీ సంక్షేమ శాఖ చూస్తున్న అడ్లూరి లక్ష్మణ్ కుమార్ గారు ధర్మపురి ఎమ్మెల్యే, జగిత్యాల జిల్లా మనిషే. ఆయనతో మాట్లాడితే ఒకే పద్ధతి అన్ని వర్గాల డ్రైవర్లకూ వస్తుంది. ఆ బండి కొనేముందు ఇంజను, ఛాసిస్ చూసి కాగితం రాసిచ్చే పని ఆర్టీఓ కార్యాలయంలోని మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరుకు అప్పగించండి. పాత ఫైనాన్సు తీరిందని చెప్పే 35వ ఫారం, పేరు మార్పు 29, 30 ఫారాలు, బాకీ చలానాలు, పన్ను బకాయిలు, పాత ప్రమాదం కేసు ఏదన్నా ఉందేమో ఆ కాగితంలోనే ఉండాలి. ఇవన్నీ ఇప్పుడు కొనేవాడు బ్రోకరు మాట మీద నమ్మి, తర్వాత ఒక్కొక్కటిగా తెలుసుకుంటున్నాడు.

ప్రమాదం తర్వాతి భయాన్ని కూడా మరువకండి. కొత్త న్యాయ సంహితలో ఢీకొట్టి పారిపోతే పదేళ్ల శిక్ష అన్నప్పుడు 2024 జనవరి మొదట్లో దేశమంతా డ్రైవర్లు బండ్లు ఆపారు, హైదరాబాద్‌లో పెట్రోలు బంకుల ముందు జనం బారులు తీరారు. కేంద్రం ఆ సెక్షన్‌ను ఇప్పటికీ అమలులోకి తేలేదు. పారిపోవడం తప్పే. ఆగితే జనం కొట్టి చంపుతారన్న భయం కూడా అబద్ధం కాదు. నేరెళ్లలో కాలిన లారీలను చూసినవాళ్లు మా దగ్గర ఉన్నారు. ప్రమాదం జరిగిన వెంటనే డ్రైవరు ఫోను చేసి, దగ్గరి ఠాణాకు చేరి, తాను పారిపోలేదని నమోదు చేయించుకునే ఏర్పాటు ఉంటే గాయపడినవాడికి అంబులెన్సు కూడా ముందే వస్తుంది.

మామిడి సీజన్ ఏప్రిల్‌లో మొదలవుతుంది. ఆ నెలలో చల్‌గల్ మార్కెట్‌లో లోడు కోసం వరుస కట్టిన బండ్ల దగ్గర మీకు రెండు రకాల మనుషులూ ఒకేచోట దొరుకుతారు, కొనాలనుకుంటున్నవాళ్లూ, కొని కిస్తీ తిప్పలు పడుతున్నవాళ్లూ. వీలైతే మీరే రండి, కాకపోతే రవాణా కమిషనర్‌ను, బీసీ కార్పొరేషన్ అధికారిని, లీడ్ బ్యాంకు మేనేజరును ఒకే బండిలో పంపండి. సర్వీసు బుక్కు నమూనా ఒకటి నేను రాసి ఉంచాను. అందులో ఏ గడులు ఉండాలో డ్రైవర్లనే అడిగి రాశాను, ఆ రోజు వాళ్ల ముందే మీ అధికారులకు ఇస్తాను.

ఇట్లు,
కోరుట్ల నుంచి ఒక లారీ ఆఫీసు గుమాస్తా